మందు గడిలో గీత

జూన్ 9

పిల్లలకి ఈరోజు పద్నాలుగో రోజు. రెట్ట నీళ్ళలా పడుతోంది.

నిన్నటిదాకా బాగానే ఉంది. రోజూ పొద్దున్నే షెడ్డులో నాలుగు మూలలా పాత పేపర్లు పరిచి, పావుగంట ఆగి, వాటి మీద ఏం పడిందో చూస్తాను. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ నేను పేపరు చదవడమంటే ఇదే. గట్టిగా, పైన తెల్లటి టోపీ పెట్టుకుని ఉంటే ఆ కోడి క్షేమం. మధ్యమధ్య ముదురు రంగులో జిగటగా పడితే ఇంకా మంచిది, పేగు చివరిదాకా పని చేస్తోందన్నమాట. ఈరోజు నాలుగింట్లో మూడు పేపర్లు తడిసి చిరిగిపోయాయి. నారింజ రంగు చారలు కూడా ఉన్నాయి.

వెంటనే ఆడపడుచుకి ఫోన్ చేశాను. పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఆవిడగారు. ఆసుపత్రి వెనక రెండు గదులు తీసుకుని కోళ్ళ పేగుల్లో ఉండే బ్యాక్టీరియాని సీసాల్లో పెంచుతోంది. అందరికీ డాక్టరమ్మ. నాకు మాత్రం రెట్టల డాక్టరమ్మ.

"వదినా, కంగారు పడకు. మొదటిరోజు మనం తాగించినవి ఇంకా కుదురుకుంటున్నాయి. రెండు మూడు రోజులు ఓపిక పట్టు. మందు మాత్రం ముట్టుకోకు."

"నీకేం, ఎన్నైనా చెప్తావు. ఇక్కడ నా కళ్ళముందు పిల్లలు ముడుచుకుని కూర్చున్నాయి. నీ పురుగులు ఎప్పటికి కుదురుకుంటాయే?"

"పురుగులు కాదు వదినా, బ్యాక్టీరియా. ఇంకొకళ్ళయితే ఈపాటికి మందు కలిపేసేవాళ్ళు. నువ్వు కలపవని తెలుసు కాబట్టే నీ షెడ్డు ఎంచుకున్నాను."

చూడు, ఎలా కట్టిపడేసిందో.

జూన్ 10

పదమూడు చచ్చిపోయాయి.

దాని వాదన నాకు కంఠతా వచ్చు. తల్లి కింద పొదిగిన పిల్ల పుట్టగానే తల్లి వెనకే తిరుగుతూ, అది తొక్కిన చోట, అది రెట్ట వేసిన చోట ముక్కుతో పొడుస్తుంది. తల్లి పేగులో ఉన్న మంచి బ్యాక్టీరియా అంతా ఆ ఒక్కరోజులోనే పిల్లకి చేరిపోతుంది. మనం తెచ్చుకునే పిల్లలు మిషన్లో పుట్టి అట్టపెట్టెల్లో వస్తాయి. తల్లి మొహం చూడవు. పేగు ఖాళీ ఇల్లులా ఉంటుంది, ముందు ఎవరు దూరితే వాళ్ళదే. అందుకని ఆరోగ్యంగా ఉన్న కోళ్ళ పేగుల్లోంచి మంచివి తీసి, పెంచి, మొదటిరోజు నీళ్ళలో కలిపి తాగిస్తే చెడ్డవాటికి చోటే ఉండదు. మందుల అవసరమే రాదు.

వినడానికి బాగానే ఉంది. ఆసుపత్రిలో పెద్దాఫీసరుకి మాత్రం ఇది ఎక్కడం లేదు. ఈ షెడ్డులో ఒక్క చెంచా మందు లేకుండా పిల్లలు పెరిగితేనే ఆ రెండు గదులు దానికి ఉంటాయి. మందు వాడితే పరీక్ష మొత్తం దండగ. ఈ సంగతి దాని నోటినుంచి వందసార్లు విన్నాను.

జూన్ 11

ముప్పై ఒకటి.

రెండేళ్ళ క్రితం జబ్బొచ్చి షెడ్డులో కోళ్ళన్నీ పోయాయి. గొయ్యి తవ్వించి మూడురోజులు పూడ్చాం. ఆ మూడురోజులూ నాకు అన్నం సయించలేదు. ఆ వాసన ఇప్పటికీ ఒక్కోసారి చేతులకి వస్తుంది, సబ్బు పెట్టి రుద్దుకుంటాను. డాక్టరమ్మ అప్పుడు చదువుకుంటోంది. గొయ్యి చూడలేదు.

మధ్యాహ్నం మూడింటికి అటక మీదనుంచి పసుపు రంగు మందు డబ్బా దించాను. ఎప్పటిదో, సగం మిగిలింది. నీళ్ళ ట్యాంకులో ఒక్క చెంచా వేశాను. ఒకే ఒక్క చెంచా. అంతదానికి ఏమైపోతుంది?

రిజిస్టరులో రోజూ రాయాలి. దాణా ఎంత, నీళ్ళు ఎంత, చచ్చినవి ఎన్ని, మందు ఏమిటి. మందు గడిలో ఎప్పట్లాగే గీత పెట్టాను, ఏమీ వెయ్యలేదని.

జూన్ 12

నలభై పోయాయి. రెండు చెంచాలు వేశాను.

మా ఆయన గుడ్ల వ్యాను కడుగుతున్నవాడల్లా వచ్చి ట్యాంకులోకి తొంగి చూశాడు.

"నీళ్ళు పచ్చగా ఉన్నాయేంటే?"

"విటమిన్లు."

"మీ డాక్టరమ్మ పంపిందా?"

"ఆఁ."

"మరి నాకూ రెండు చుక్కలు పొయ్యి, నడుం పట్టేసింది." నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేనూ నవ్వాను. గడిలో గీత పెట్టాను.

జూన్ 13

ఇరవై ఏడు. ఇంకో రెండు చెంచాలు. నిన్నటిది లెక్కలోకి రాదు, పైపు కారి సగం నీళ్ళు కింద పరిచిన పొట్టులోకే పోయాయి.

గీత.

జూన్ 15

నిన్న ఆరు. ఈరోజు ఒక్కటీ లేదు! పేపర్ల మీద తెల్ల టోపీలు మళ్ళీ కనిపించాయి. పిల్లలు దాణా గిన్నెల మీద పడి తోసుకుంటున్నాయి. ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం ఆసుపత్రినుంచి సరాసరి ఇటే వచ్చింది డాక్టరమ్మ. షెడ్డులోకి వెళ్ళి, బయటికొచ్చి, పొట్టు అంటుకున్న చేతులతోనే నన్ను వాటేసుకుంది.

"చూశావా వదినా! చూశావా! ఒక్క చుక్క మందు లేకుండా! నీ చోట ఇంకెవరున్నా ఆగేవాళ్ళు కాదు."

కళ్ళలో నీళ్ళు దానికి. చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చాను. రేపు చెప్తాను. కాస్త ఆ సంతోషం తగ్గాక.

జూన్ 16

చెప్పలేదు.

జూన్ 24

అసలు నేను వేసింది ఎంత? మూడురోజులకీ కలిపి ఐదు చెంచాలు, అదీ పాత మందు. అంత పెద్ద ట్యాంకులో. వాటంతట అవే కోలుకుని ఉంటాయి. దాని బ్యాక్టీరియానే పనిచేసి ఉంటుంది. ఊరికే చెప్పి దాని మనసు విరిచెయ్యడం ఎందుకు? ఖాళీ డబ్బా చెత్తలో పారేశాను.

ఆగస్టు 4

పిల్లలకి పది వారాలు నిండాయి. డాక్టరమ్మ పంజరం పట్టుకుని వచ్చింది. కొత్తగా మొదలుపెట్టే ఒకాయన షెడ్డు కోసం మళ్ళీ బ్యాక్టీరియా పెంచాలట. దానికి ఆరోగ్యమైన కోళ్ళ పేగులు కావాలట.

"నీ షెడ్డులోంచి ఎనిమిది ఇవ్వు వదినా."

పెరటి తలుపు తీసి చూపించాను.

"నావెందుకు? పెరట్లో తిరిగే పెద్దకోళ్ళు ఉన్నాయిగా. బలంగా ఉంటాయి. అవి పట్టుకెళ్ళు."

"అవి ఎక్కడ ఏం తిన్నాయో, ఎవరు ఏం మందు పోశారో ఎవరికి తెలుసు? నీ షెడ్డుకి రిజిస్టరు ఉంది. మొదటిరోజునుంచి మందు గడిలో గీతలే. ఇంతకంటే శుభ్రమైన పేగు నాకెక్కడ దొరుకుతుంది?"

అది ఎంచుతోంటే నేనే పట్టి ఇచ్చాను. ఎనిమిదీ. రెండు నెలలయింది. రెండు నెలల తర్వాత మందు తాలూకు ఏదీ ఉండదు. ఉండదనే అనుకుంటున్నాను.

ఆగస్టు 19

డాక్టరమ్మ చెప్పిన ఆ గొడుగాయన షెడ్డులోకి పిల్లలు దిగాయి. మూడు వేలు. మా షెడ్డుకి రెండు వీధుల అవతలే. ఎండైనా వానైనా నీడైనా గొడుగు లేకుండా కనిపించడు కాబట్టి ఆ పేరు. ఉద్యోగం విరమించాక కోళ్ళు పెంచుతానంటే ఇంట్లో వాళ్ళు నవ్వారట. షెడ్డంతా తనే సున్నం వేసుకున్నాడు. డాక్టరమ్మ తెచ్చిన సీసాని రెండు చేతులతో పట్టుకుని నీళ్ళలో పోశాడు.

"మీ షెడ్డు కోళ్ళవేనటగా అమ్మా ఇవి? మీ చెయ్యి మంచిది. ఇంక నాకు దిగుల్లేదు."

డాక్టరమ్మ నా చెవిలో చెప్పింది. పెద్దాఫీసరు ఒక్కచోట నెగ్గితే చాలదన్నాడట. ఇక్కడ కూడా నెగ్గితేనే ల్యాబు ఉంటుంది, లేకపోతే తాళం.

సెప్టెంబర్ 2

పొద్దున్న ఎనిమిదింటికే వచ్చాడు గొడుగాయన. గొడుగు మూసి ఉంది. ఆయన్ని మూసిన గొడుగుతో చూడటం ఇదే.

"పిల్లలకి విరేచనాలమ్మా. ఇరవై రెండు పోయాయి. డాక్టరమ్మగారు ఓపిక పట్టమన్నారు. మీ షెడ్డులో కూడా ఇలాగే వచ్చి తగ్గిందటగా. అప్పుడు మీరేం ఇచ్చారు? నిజంగా ఏమీ ఇవ్వలేదా?"

"ఏమీ ఇవ్వలేదండీ. ఓపిక పట్టాం. అదే తగ్గింది."

"హమ్మయ్య. మీ నోటితో వింటే ధైర్యంగా ఉంది."

గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు. నేను గిన్నెలు తోమడానికి కూర్చుని, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

సెప్టెంబర్ 3

యాభై ఎనిమిది. ఆయన ఫోన్ చేశాడు. ఒకసారి వచ్చి రెట్ట చూడమన్నాడు. కడుపులో నొప్పిగా ఉందని చెప్పాను. నిజంగానే నొప్పిగా ఉంది.

సెప్టెంబర్ 4

తొంభై ఆరు.

డాక్టరమ్మ వచ్చింది. మొహం పీక్కుపోయింది. మంచినీళ్ళు కూడా తాగలేదు.

"ఇంక ఆగలేను వదినా. మందు మొదలుపెట్టేస్తున్నాను. పరీక్ష పోతే పోయింది, పిల్లలు దక్కాలి."

ఎప్పటినుంచో వాడుతున్నదే రాసింది. నేను వేసిన పసుపు డబ్బానే. ఆ మాట వినగానే నాకు ఎంత తేలికైందో! అది ఏడుపు మొహంతో నిలబడి ఉంటే నేను లోపల సంతోషించాను. మందు పడితే తగ్గిపోతుంది. తగ్గిపోతే ఇంక ఎవరూ ఏమీ అడగరు. సిగ్గు లేదు నాకు.

సెప్టెంబర్ 5

నూట నలభై. మందు పట్టడానికి ఒకరోజు పడుతుంది. నా షెడ్డులోనూ రెండో రోజు నలభై పోయాయి, తర్వాతే తగ్గింది. రేపటికి తగ్గుతుంది.

సెప్టెంబర్ 6

నూట డెబ్భై ఒకటి. తగ్గలేదు.

పదకొండింటికి డాక్టరమ్మ వచ్చి వంటింట్లో పీట మీద కూర్చుంది. నేను కూరగాయలు తరుగుతున్నాను. అది నాతో కాదు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టుంది.

"ఏం అర్థం కావట్లేదు వదినా. ఈ జబ్బుకి ఈ మందు వేస్తే రెండోరోజుకి తగ్గుముఖం పట్టాలి. లొంగట్లేదు. ఈ మందుని ఇంతకుముందు ఒకసారి రుచి చూసి, బతికి బయటపడ్డ బ్యాక్టీరియా అయితేనే ఇలా తట్టుకుంటుంది. ఆ పిల్లలు ఎప్పుడు చూశాయి దీన్ని? మిషన్లోంచి వచ్చాయి, నేనిచ్చింది తాగాయి. నేనిచ్చింది నీ కోళ్ళది. నీ కోళ్ళు మందు మొహమే చూడలేదు."

నా చేతిలో కత్తి ఆగింది.

"శాంపిల్ పెద్ద ల్యాబుకి పంపాను. ఏ మందుకి లొంగుతుందో తేలడానికి ఐదు రోజులు పడుతుందట. ఈలోగా గుడ్డిగా ఏ మందని పొయ్యను? అది కూడా పనిచెయ్యకపోతే?"

ఐదు రోజులు. రోజుకి నూట డెబ్భై.

"పదకొండు," అన్నాను.

"ఏంటి?"

"జూన్ పదకొండు, పన్నెండు, పదమూడు. పసుపు డబ్బా. ట్యాంకులో వేశాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. రెప్ప వెయ్యకుండా చూసి అడిగింది.

"ఎంత?"

"మొదటిరోజు ఒక చెంచా. తర్వాత రెండేసి."

"ట్యాంకు ఎంత?"

"ఐదు వందల లీటర్లు."

"చాలదు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "చంపడానికి చాలదు. నేర్పడానికి సరిపోయింది. ఆ మూడురోజుల్లో మంచివి పోయాయి, ఈ మందుని తట్టుకోవడం నేర్చుకున్న చెడ్డవి మిగిలాయి. నేను వెళ్ళి సరిగ్గా వాటినే తీసి, పెంచి, సీసాలో పోసి ఆయన చేతికిచ్చాను. నా చేతులతో."

"పిల్లలకి తగ్గిపోయింది కదా అని..."

"లేచి తిరుగుతున్నంత మాత్రాన లోపల ఏముందో మీకు తెలుస్తుందా?"

మీకు అంది. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు అది రెండు జడలు వేసుకుని బడికి వెళ్ళేది. ఆ జడలు వేసింది నేను. ఇరవై రెండేళ్ళలో అది నన్ను మీరు అనడం మొదటిసారి.

లేచి ఫోన్ తీసింది. ఈ పాత మందు ఆపేసి, దీనితో ఏ సంబంధమూ లేని వేరే రకం తెప్పించమని ఆసుపత్రికి చెప్పింది. ఇప్పుడు దానికి ఏది పనికిరాదో తెలిసింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రిజిస్టరు మీ దగ్గరే ఉంచండి. ఆయనకి చెప్పాల్సింది మాత్రం నేను కాదు."

సెప్టెంబర్ 7

వెళ్ళాను. పొద్దున్నే నూట అరవై ఎనిమిది పోయాయట. ఆయన షెడ్డు ముందు బోర్లించిన దాణా గిన్నె మీద కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. అంతా చెప్పాను. చెంచాలతో సహా.

గొడుగు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"ఆ రోజు మీ గుమ్మంలోకి వచ్చి అడిగాను కదమ్మా."

"అడిగారు."

"నిజంగా ఏమీ ఇవ్వలేదా అని కూడా అడిగాను. ఆ మాట ఎందుకన్నానో తెలుసా? ఇచ్చినా పర్లేదు, చెప్తారని."

ఆయన అడిగిన రోజుకి ఇరవై రెండే పోయాయి. అప్పటినుంచి ఈ పొద్దుటిదాకా ఆరు వందల ముప్పై మూడు. దారిలో కూడుకుంటూనే వచ్చాను. ఆయనకీ ఆ లెక్క తెలుసు, పైకి అనలేదు.

"క్షమించండి" అన్నాను. ఆయన గొడుగు మూసి షెడ్డు వైపు చూపించాడు.

"చచ్చినవాటిని ఏరడం నావల్ల కావట్లేదమ్మా. వంగితే కళ్ళు తిరుగుతున్నాయి. రేపటినుంచి పొద్దున్నే వచ్చి మీరు ఏరండి."

సెప్టెంబర్ 8

నూట యాభై నాలుగు. నాలుగు బకెట్లు. ఆరింటికి వెళ్ళి తొమ్మిదింటికి వచ్చాను. బతికున్నవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకుని ఉంటాయి, కింద ఉన్నది చచ్చిందో లేదో పైవాటిని జరిపి చూడాలి. ఇంకా వెచ్చగా ఉన్నవాటితోనే నాకు ఎక్కువ కష్టమైంది.

మా ఆయనకి చెప్పేశాను. "విటమిన్లన్నావు కదే" అన్నాడు. ఈరోజు జోకులు లేవు.

సెప్టెంబర్ 9

నూట ఇరవై.

సెప్టెంబర్ 10

ఎనభై ఎనిమిది. కొత్త మందు పట్టింది! డాక్టరమ్మ అక్కడే ఉంది. నేను మూలల్లో పేపర్లు పరిచాను. అది వచ్చి చూసింది, నేనూ చూశాను. ఒక పేపరు మీద గట్టిపడుతోంది. ఆ సంగతి ఇద్దరికీ కనిపించింది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

సెప్టెంబర్ 11

అరవై మూడు. రిజిస్టరు పట్టుకుని పెద్దాఫీసరు దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మకి చెప్పకుండానే. తప్పు సీసాది కాదు, దాన్ని పెంచినావిడది కాదు, మందు కలిపింది నేను అని చెప్పాను. ఆయన రిజిస్టరు తెరిచి ఆ మూడు గళ్ళ మీదా వేలు పెట్టాడు.

"ఇక్కడ గీతలే ఉన్నాయి కదమ్మా. ఈ రాత ఎవరిది?"

"నాదే."

"అప్పుడు రాసింది అబద్ధం, ఇప్పుడు చెప్పేది నిజం అంటారు. మీరు ఆవిడకి వదిన కదా?"

"అవును."

"మంచి వదినే. వెళ్ళిరండి."

దాన్ని కాపాడటానికి కట్టుకథ చెప్తున్నాననుకున్నాడు. ఇంక ఎలా నమ్మించాలో తెలియలేదు. ఒట్టు వేసినా వినలేదు. రెండు గదులకీ మధ్యాహ్నమే తాళం పడింది. నేను మెట్ల దగ్గరే ఉన్నాను. డాక్టరమ్మ సీసాలు పెట్టెలో సర్దుకుని నా పక్కనుంచే దిగి వెళ్ళింది. పెట్టె అందుకుందామని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

సెప్టెంబర్ 12

నలభై ఒకటి.

సెప్టెంబర్ 13

పంతొమ్మిది. నడుం విరిగిపోతోంది. మా ఆయన వస్తానన్నాడు. వద్దన్నాను.

సెప్టెంబర్ 14

ఎనిమిది. పిల్లలు నన్ను చూసి బెదరడం మానేశాయి. బూట్ల మీదకి ఎక్కి లేసులు పొడుస్తున్నాయి. అలా చేస్తుంటే మామూలుగా అయితే ముద్దొస్తుంది.

సెప్టెంబర్ 15

మూడు.

డాక్టరమ్మ ఫోన్ చేసింది. "ఎన్ని?" అంది. చెప్పాను. "రెట్ట?" అంది. చెప్పాను. పెట్టేసింది. ఫోన్ పక్కనే కాసేపు కూర్చున్నాను.

సెప్టెంబర్ 16

ఒకటి.

సెప్టెంబర్ 17

ఈరోజు ఒక్కటీ లేదు.

ముందు నేనే నమ్మలేదు. దాణా గిన్నెల కింద, బల్బుల కింద, గోడ పక్క పొట్టులో చెయ్యి పెట్టి మరీ వెతికాను. అన్నీ లేచి తిరుగుతున్నాయి. నాలుగు పేపర్లూ పొడిగా ఉన్నాయి. ఖాళీ బకెట్టు పట్టుకుని బయటికొచ్చాను.

గొడుగాయన గుమ్మం దగ్గరున్నాడు. "ఇవాళ లేవండీ" అని బకెట్టు వంచి చూపించాను.

ఆయన బకెట్టులోకి చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు. గొడుగు గోడకి ఆనించి, పంచె పైకి కట్టి, తనే లోపలికి వెళ్ళాడు. నేను వెతికిన మూలలే మళ్ళీ వెతికాడు. గిన్నెలు ఎత్తాడు. బల్బుల కింద వంగాడు. గోడ పక్క పొట్టులో చెయ్యి పెట్టాడు. నాకు కోపం రాలేదు. నేను అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను. ఒక్కటైనా నా కళ్ళకి తప్పిపోయి ఉంటుందేమోనని ఆయన చెయ్యి పెట్టిన చోటల్లా నేనూ తొంగి చూశాను.

నాలుగో మూల కూడా చూసి వచ్చాడు. చేతులు దులుపుకున్నాడు.

"నిజమేనమ్మా," అన్నాడు. "లేవు."

బకెట్టు పక్కనే కూలబడి ఏడ్చేశాను.